చిరునామాలో ఆఖరి వరస

నా పాత ట్రంకుపెట్టెలో, డిగ్రీ కాగితాల కింద, పదకొండు ఉత్తరాల కవర్లు ఉన్నాయి. అన్నీ ఫ్రాన్సు నుంచి వచ్చినవి, అన్నీ ఒకే చేతివ్రాతలో ఉన్నవి. కవరు వెనక పంపినవారి చిరునామా రాసే చోట మొదటి రెండింటి మీద ఆఖరి వరస ‘49150 పొంతిన్యే’ అని ఉంటుంది. మూడో కవరు నుంచి ఆ వరస పైకి జరిగిపోయి, దాని కింద ‘49150 బోజే-ఆన్-ఆంజూ’ అనే కొత్త వరస వచ్చి చేరింది. రాసినావిడ ఇల్లు మారలేదు, వీధి మారలేదు, పిన్‌కోడు అంకె కూడా మారలేదు. మారినదల్లా ఆ ఊరు తనంతట తాను ఒక ఊరుగా ఉండడం మానేయడమే.

నేను 2010లో తోటల పెంపకం చదవడానికి పశ్చిమ ఫ్రాన్సులోని ఆంజే పట్టణానికి వెళ్ళాను. మాది కోనసీమ, ఎదుర్లంక పక్కన ఒక చిన్న ఊరు. గౌతమి అవతలి ఒడ్డు యానాం. వంతెన రాక ముందు పంటు ఎక్కి యానాం వెళ్ళే మా తాతయ్యకు ఫ్రెంచి పాలన అంటే పన్ను లేని సరుకులూ, తలమీద గట్టి టోపీలూ మాత్రమే గుర్తు. ఆ యానాం కూడా ఒకప్పుడు ‘కమ్యూన్’ అనీ, 1880లో ఫ్రెంచివారు తమ భారతీయ స్థావరాలకు తమ దేశపు పద్ధతిలోనే మేయరునూ మునిసిపల్ సభనూ ఇచ్చారనీ నాకు తెలిసింది ఫ్రాన్సు వెళ్ళాకే. పుదుచ్చేరి చుట్టుపక్కల ‘కమ్యూన్ పంచాయతీ’ అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది ఆ కాలపు మిగులుగానే. ఏటి అవతల వదిలివచ్చిన ఆ మాట అసలు అర్థం ఏమిటో నాకు పొంతిన్యేలోనే బోధపడింది.

ఆంజే నుంచి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బోజే అనే చిన్న పట్టణం, దానికి నాలుగైదు కిలోమీటర్ల అవతల పొంతిన్యే. మొత్తం జనాభా మూడు వందల లోపు. 2011 ఆగస్టు ఆఖరులో ఆపిల్ కోతల కోసం అక్కడికి చేరాను. విదేశీ విద్యార్థి ఏడాదిలో 964 గంటలకు మించి పని చేయకూడదన్న నిబంధన ఉండేది కాబట్టి గంటలు లెక్కపెట్టుకుంటూ కాయలు కోసేవాళ్ళం. బొటనవేలు తొడిమ మీద ఆనించి కాయను పైకెత్తి కాస్త తిప్పాలి, లాగకూడదు. తొడిమ ఊడిన కాయ నిలవకు పనికిరాదు. మామిడికాయకు చిక్కం వేసే చేతులకు ఆ సుకుమారం అలవడడానికి వారం పట్టింది.

నాకు గది ఇచ్చిన పెద్దావిడకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు దూర పట్టణాలలో ఉన్నారు. నేను ‘మదామ్’ అనేవాణ్ణి, ఆవిడ నన్ను ‘మోం పెతీ’ అనేవారు. మన ‘ఒరే నాయనా’కు దగ్గరగా వస్తుంది. ఇంటి గోడలు తుఫో అనే తెల్లని మెత్తని సున్నపురాయి. గోరుతో గీకితే పిండిలా రాలుతుంది. కప్పు మాత్రం నల్లని పలకరాయి. తెల్ల గోడ మీద నల్ల కప్పు, ఆ ప్రాంతమంతా అదే కట్టుబడి. నా గది అటక మీద ఉండేది. చిన్న కిటికీ తీస్తే ఎదురుగా సెయింట్ దెనీ చర్చి శిఖరం కనిపించేది. అది తిన్నగా ఉండదు. తడిబట్టను పిండినట్టు కింది నుంచి పైదాకా మెలితిరిగి ఉంటుంది. బోజే చుట్టుపక్కల ఇలాంటి మెలికల శిఖరాలు మరికొన్ని ఉన్నాయి. 1421లో ఆంగ్లేయ సైన్యాన్ని ఓడించి, వాళ్ళ రాజుగారి తమ్ముణ్ణే మట్టుపెట్టిన యుద్ధానికి పేరుపడిన వియెయ్-బోజేలోనైతే శిఖరం మెలితిరగడమే కాక పక్కకు ఒరిగింది కూడా. పచ్చి కలప వాడితే ఎండాక మెలితిరిగిందని కొందరు, వడ్రంగులు పనితనం చూపడానికి కావాలనే అలా కట్టారని కొందరు చెబుతారు. ఆ చర్చిలో ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి కుడ్యచిత్రాలున్నాయి, ఊరి పక్కన మన రాకాసిగుళ్ళను పోలిన ‘కప్పిన రాయి’ అనే రాతికట్టడం ఉంది. బయటివాళ్ళు వచ్చి చూసేవి ఇవే. నేను చూసింది వేరు.

ఎర్ర అంచు ఉన్న తెల్లబోర్డు మీద నల్ల అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది. ఊరు దాటి వెళ్ళేటప్పుడు అదే పేరు మీద అడ్డంగా ఎర్రగీత కొట్టిన బోర్డు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో గిట్టనివాళ్ళు పేరు కొట్టేశారనుకున్నాను. ఊరి హద్దు అయిపోయిందని దాని అర్థం అంతే. ఆ రెండు బోర్డుల మధ్య ఉన్న మూడు వందల మందికీ ఒక మేయరు, పదకొండు మంది సభ్యుల సభ, ‘మేరీ’ అని పిలిచే ఒక కార్యాలయం, దానిలో ఫ్రెంచి గణతంత్రానికి గుర్తుగా పెట్టే మరియాన్ అనే స్త్రీమూర్తి తలబొమ్మ, గుమ్మం మీద మూడు రంగుల జెండా ఉండేవి. పారిస్ మేయరుకు ఏ చట్టం మూలమో ఈ ఊరి మేయరుకూ చాలామటుకు అదే. ఫ్రెంచి విప్లవం నాటి 1789 డిసెంబరు 14 చట్టం వేలాది చర్చి పరగణాలను చిన్నా పెద్దా చూడకుండా ఒకే రకం కమ్యూన్లుగా మార్చింది. 1792లో పుట్టుక, పెళ్ళి, చావు రాసుకునే దస్తరాలు పాదిరీల చేతి నుంచి మేయరు చేతికి వచ్చాయి. అప్పటి నుంచి ఊరివాళ్ళ బతుకు మొదలూ చివరా రాసిపెట్టే పుస్తకం ఆ చిన్న కార్యాలయపు బీరువాలోనే ఉండేది. కార్యాలయం తెరిచేది వారంలో కొన్ని గంటలే. అయినా పనిపడితే మేయరు ఇంటి తలుపు తట్టడం అక్కడ తప్పేమీ కాదు.

2012 ఏప్రిల్‌లో చదువులో భాగంగా ఆ తోటలోనే ఆరునెలల శిక్షణకు మళ్ళీ వెళ్ళాను. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. మొదటి విడత పోలింగు రోజున మదామ్ నన్ను వెంటబెట్టుకుని మేరీకి వెళ్ళారు. అద్దం లాంటి పెట్టెలో ఓటు కవరు పడగానే, బల్ల దగ్గర కూర్చున్నాయన ‘అ వొతే’ అని బిగ్గరగా ప్రకటించాడు, ‘ఓటు వేశారు’ అని. సాయంత్రం లెక్కింపు అందరి ముందే జరిగింది. బల్లల చుట్టూ చేరి ఊరివాళ్ళే కవర్లు విప్పి, పేర్లు చదివి, గీతలు గీసి లెక్కకట్టారు. తాళాలు, సీళ్ళు, తుపాకీ పట్టిన పోలీసుల మధ్య లెక్కింపు జరగడం తప్ప మరొకటి ఎరగని నేను గోడకు ఆనుకుని నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను.

తిరిగి వస్తూ మదామ్ అన్నారు, ‘ఇది పెద్ద ఎన్నిక, దీంట్లో రుచి లేదు. మా ఊరి ఎన్నికలు చూడాలి నువ్వు’ అని. అప్పట్లో చిన్న కమ్యూన్లలో సభ్యుల జాబితా చేతికి వచ్చాక ఓటరు దాన్ని తన ఇష్టప్రకారం సరిదిద్దుకోవచ్చు. నచ్చని పేరు కొట్టేయవచ్చు, పక్క జాబితాలో పేరు తెచ్చి ఇక్కడ చేర్చవచ్చు, అసలు పోటీలోనే లేని మనిషి పేరు కూడా రాయవచ్చు. ఆవిడ భర్త ఎన్నడూ పోటీ చేయకపోయినా ప్రతిసారీ ఏడెనిమిది ఓట్లు వచ్చేవట. అవి ఎవరివో ఆయన ఎంత ఆరాతీసినా తెలియలేదట. ‘ఒకటి మాత్రం నాదే’ అని చెప్పి నవ్వారు. కంచె దగ్గర తగాదా వచ్చిన పొరుగాయన పేరును 1983లో ఎంత గట్టిగా కొట్టేశారంటే కాగితం చిరిగిపోయిందట. మరుసటి ఎన్నికకు తగాదా సమసిపోయి ఆయన పేరును మళ్ళీ ఉంచేశారట. ఎన్నికల శాస్త్రం ఎంత చదివినా దొరకని సంగతి ఇది, ఒక మనిషి మీద కోపం రావడానికీ పోవడానికీ ప్రభుత్వమే ఒక కాగితం అచ్చువేసి ఇవ్వడం.

ఆ వేసవి నుంచే ఊళ్ళో విలీనం మాట జోరుగా వినపడసాగింది. 2010 డిసెంబరు 16 నాటి చట్టం ‘కొత్త కమ్యూన్’ అనే ఏర్పాటును తెచ్చింది. ఇరుగుపొరుగు కమ్యూన్ల సభలన్నీ ఒప్పుకుంటే ఒకటిగా కలిసిపోవచ్చు. ప్రిఫె అనే ప్రభుత్వాధికారి ఉత్తర్వు ఇస్తే చాలు, జనం ఓటు అడగనక్కరలేదు. పాత ఊళ్ళు కావాలనుకుంటే ‘అనుబంధ కమ్యూన్లు’గా పేరు నిలుపుకోవచ్చు. మన దగ్గర కలెక్టరు ఉత్తర్వుతో పంచాయతీ రాత్రికి రాత్రే మునిసిపాలిటీలో కలిసిపోతే ఎవరికీ పెద్ద ఆశ్చర్యం ఉండదు గాని, అక్కడ అది అంత తేలిక వ్యవహారం కాదు. అంతకు ముందు 1971లో ఒక చట్టం తెచ్చి ఊళ్ళను కలపబోతే జనం పెద్దగా లొంగలేదు. అందుకే అప్పటికి కూడా ఫ్రాన్సులో 36 వేలకు పైగా కమ్యూన్లు మిగిలి ఉన్నాయి. బోజే, పొంతిన్యే, వియెయ్-బోజే, మోంపొలాం, సాం-మర్తాం-దార్సే, ఈ ఐదూ కలిసి ఒకటి కావాలన్నది ప్రతిపాదన.

ఈ విషయంలో నేను విలీనం పక్షమే. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, పైగా ఆ ఊరికి నాలుగు రోజుల చుట్టాన్ని. రాత్రి సూపు తాగుతూ వంటింటి బల్ల దగ్గర మదామ్‌తో వాదించేవాణ్ణి. మూడు వందల మందికి ఒక ప్రభుత్వం ఏమిటి, రోడ్డు వేయాలంటే డబ్బెక్కడిది, రోజుకో కొత్త నిబంధన వస్తుంటే పొలం పని చేసుకునే మేయరు ఆ కాగితాలన్నీ ఎప్పుడు చదువుతాడు, రేపు మేయరుగా ఉండడానికి మనిషే దొరకకపోతే ఏం చేస్తారు అని అడిగేవాణ్ణి. ఆవిడ కాదనేవారు కాదు. ‘నువ్వు చెప్పినవన్నీ నిజమే’ అని, రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడుచుకుంటూ, ‘కాని నాలుగూళ్ళ పేర్లు పోయి ఒక ఊరి పేరు మాత్రం పొడుగయిందేమిటి?’ అనేవారు. బోజే అన్నది బోజే-ఆన్-ఆంజూ అవుతోంది కదా, ఆ మాట. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ వాదనలో నేను గెలిచాననే అప్పుడు అనుకున్నాను.

ఆవిడ వ్యతిరేకి అని చెబితే అది కూడా సరికాదు. ఆదివారం మధ్యాహ్నాలు బూల్ ద ఫోర్ ఆట చూడడానికి నన్ను పక్క ఊరికి తీసుకువెళ్ళేవారు. ఆంజే చుట్టూ ఉన్న ఆంజూ ప్రాంతపు ఆట అది. పెద్ద దోనెలా మధ్యలో పల్లంగా ఉన్న పొడవాటి కొట్టులో, కాళ్ళకు మెత్తని చెప్పులు తొడుక్కుని, ఒకవైపు బరువెక్కువగా ఉన్న బంతిని మెల్లగా దొర్లిస్తారు. ఆ బరువు వైపుకే ‘ఫోర్’ అని పేరు. బంతి ఎన్నడూ తిన్నగా పోదు, అటు గోడెక్కి ఇటు గోడెక్కి నిద్రపట్టనివాడిలా దొర్లి దొర్లి గురి దగ్గర ఆగుతుంది. అక్కడ చేరిన ముసలివాళ్ళలో ఐదూళ్ళవాళ్ళూ ఉండేవారు. ‘మేము ఎప్పుడో కలిసిపోయాం, ఆటకీ, పెళ్ళికీ, ఆసుపత్రికీ. ఇప్పుడు కలవమంటున్నది కాగితాన్ని’ అని ఆవిడ అన్నది ఆ కొట్టులోనే. ఈ మాట ఆవిడ సమర్థనగా అన్నారో ఎత్తిపొడుపుగా అన్నారో నాకు నేటికీ తేలలేదు.

2012 నవంబరు 11న చలిగాలి కొడుతోంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన ఆ రోజున ఫ్రాన్సులో ఊరూరా యుద్ధంలో చనిపోయినవారి స్మారక స్తంభం దగ్గర జనం చేరతారు. స్తంభం మీద చెక్కిన పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ప్రతి పేరు తరువాత ‘మోర్ పూర్ లా ఫ్రాన్స్’, ఫ్రాన్సు కోసం మరణించాడు, అని బదులు పలుకుతారు. ఇంటిపేర్లు కొన్ని రెండేసి సార్లు వచ్చాయి, అన్నదమ్ములు కాబోలు. ఆ ఇంటిపేర్లలో కొన్ని నాకు తెలిసినవే, తపాలా డబ్బాల మీద చదివినవి. తరువాత అందరూ హాల్లో చేరి తలా ఒక గ్లాసు వైను పట్టుకున్నారు. విలీనం గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు. సొంత కమ్యూనుగా ఊరు చేసుకుంటున్న ఆఖరి స్మరణ అదేనని అందరికీ తెలుసు. పెళ్ళికూతురిని సాగనంపే రోజు పొద్దున్న మన ఇళ్ళలో అందరూ అనవసరమైన పనుల మీద హడావిడి పడుతుంటారే, అలా వాతావరణం గురించీ, ఆ ఏటి కాపు గురించీ మాట్లాడుకున్నారు.

డిసెంబరు మధ్యలో నేను ఇండియా వచ్చేశాను. 2013 జనవరి 1న పొంతిన్యే కమ్యూన్ ముగిసింది.

ఆ నెలలోనే మూడో కవరు వచ్చింది. ఆవిడ ఆ కొత్త వరసను మిగిలినవాటికంటే చిన్న అక్షరాలతో రాశారు. ఉత్తరంలో విలీనం సంగతి రెండు వాక్యాలే, మేరీ ఉంది, జెండా ఉంది, తెరిచే వేళలు తలుపు మీద అంటించారు అని. ఆ ఏడాది ఆఖరులో రాసిన ఉత్తరంలో మాత్రం దిగులు ఉంది, కాని అది వేరే సంగతికి. ఆంజే పక్కన త్రెలాజేలో కొన్ని వందల ఏళ్ళుగా నడిచిన పలకరాతి గనులు మూతపడ్డాయి. ‘ఇక మా కప్పు మీద రాయి పగిలితే స్పెయిను రాయి వేయాలి’ అని రాశారు. ఊరు విలీనమైనప్పుడు రెండు వాక్యాలతో సరిపెట్టిన మనిషి, కప్పు మీది రాయికి పేజీన్నర రాశారు.

2014 మార్చిలో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. అంతకు ముందు ఏడాది చట్టం మారి, వెయ్యి జనాభా దాటిన ప్రతి కమ్యూనులోనూ జాబితాను ఉన్నది ఉన్నట్టుగా పెట్టెలో వేయడమే తప్ప పేర్లు కొట్టేయడానికి లేదు. పొంతిన్యే ఒంటరిగా ఉండి ఉంటే పేర్లు కొట్టేసే పాత పద్ధతి అప్పటికి కొనసాగేదే. ఐదూళ్ళ బోజే-ఆన్-ఆంజూలో ఆ అవకాశం పోయింది. మదామ్ ఇలా రాశారు: ‘అచ్చేసిన కాగితం ఇచ్చి ముట్టుకోవద్దన్నారు. ఒక్క పేరు కొట్టేసినా నా ఓటు చెల్లదట. అందులో సగం మంది నాకు తెలియదు, తెలియనివాళ్ళ మీద కోపం ఎలా వస్తుంది? మడిచి వేసి వచ్చాను.’ ఈ ఉత్తరం చదివిన రోజున మా వాదనలో గెలిచింది నేను కాదని ఒప్పుకున్నాను. విలీనం తప్పని నేను ఇప్పటికీ అనను. రోడ్లు, బడులు, నీళ్ళ లెక్కలు చూస్తే అది సబబైన పనే. కాని నేను లెక్కవేసిన ఖర్చుల పట్టికలో ఆ పెన్సిలు గీత లేదు.

ఆ తరువాత అది ఒక్క ఊరి ముచ్చటగా ఉండలేదు. కలిసిన కమ్యూన్లకు ప్రభుత్వ నిధులు తగ్గకుండా కొంతకాలం పూచీ ఇస్తూ 2015 మార్చిలో మరో చట్టం రాగానే, ఊళ్ళు గుంపులు గుంపులుగా కలిసిపోయాయి. 2015లో 36,658 ఉన్న కమ్యూన్లు మరుసటి ఏడాది మొదటి రోజుకు 35,885 అయ్యాయి. 2019కి 35 వేల కిందికి దిగాయి. ఈ ఊళ్ళన్నీ ఉన్న మేన్-ఎ-ల్వార్ జిల్లా ఈ విషయంలో అందరికంటే ముందు నిలిచిన వాటిలో ఒకటి. 363 కమ్యూన్లున్న జిల్లాలో సగానికి సగం లేకుండా పోయాయి. 2016లో బోజే-ఆన్-ఆంజూలోకి కూడా క్యువోం, బొసే, ఫుజెరే వంటి మరికొన్ని ఊళ్ళు వచ్చి చేరాయి. ‘ఇప్పుడు మాకంటే కొత్తవాళ్ళు వచ్చారు, మేము పాతకాపులమయ్యాం’ అని మదామ్ రాశారు. మెట్టినింటికి కొత్త కోడలు వచ్చాక పెద్దకోడలికి వచ్చే దర్జా ఆ వాక్యంలో ఉంది.

2017 అక్టోబరులో పని మీద ఆంజే వెళ్ళినప్పుడు ఒక పూట పొంతిన్యే వెళ్ళి వచ్చాను. శిఖరం అలాగే మెలితిరిగి ఉంది, తోటలో కోతలు ఆఖరుకు వచ్చాయి. ఊరి మొదట్లో ఎర్ర అంచు బోర్డు ఉంది, పేరు కూడా ఉంది. దాని అడుగున చిన్న అక్షరాలతో కొత్త కమ్యూను పేరు చేరింది. మదామ్ కవర్ల మీద ఉన్న క్రమం ఇదే కదా, అక్షరాల పరిమాణాలు కూడా అవే అనుకున్నాను. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు, చేతికర్ర వచ్చింది. వంటింట్లో అదే బల్ల దగ్గర కూర్చున్నాం. కలిసిపోయిన ఊళ్ళన్నిటా వచ్చే చిక్కు ఒకటి చెప్పి చాలాసేపు నవ్వారు. ప్రతి ఊళ్ళోనూ ఒక చర్చి వీధి ఉంటుంది, ఒక మేరీ కూడలి ఉంటుంది; ఊళ్ళు ఒకటయ్యాక ఒకే పేరుతో వీధులు పలుచోట్ల తేలతాయి, అంబులెన్సువాడు ఎటు పోవాలి? అందుకని పాత వీధులకు కొత్త పేర్లు వెతకవలసి వస్తుంది. ‘పువ్వుల పేర్లు పెడతారట. మనుషుల పేర్లు పెడితే మళ్ళీ ఎవరో ఒకరు కొట్టేస్తారని భయం కాబోలు’ అన్నారు.

ఇప్పుడు కూడా అప్పుడప్పుడు రాత్రిళ్ళు ఆ జిల్లా దస్తరాల కార్యాలయం వారి వెబ్‌సైటు తెరుస్తాను. పాత పరగణా పుస్తకాలన్నీ బొమ్మలుగా ఉచితంగా పెట్టారు. ఊరి పేర్ల పట్టికలో పొంతిన్యే విడిగానే ఉంది, బోజే కింద కాదు. వంకర అక్షరాలలో ఎవరో పాదిరీ రాసిన నామకరణాలు నాకు సరిగా చదవడం రాదు గాని, నవంబరు చలిలో స్తంభం దగ్గర విన్న ఒక ఇంటిపేరు రెండు శతాబ్దాల వెనక తగిలితే, ఆ తపాలా డబ్బా ఏ మలుపులో ఉండేదో గుర్తు చేసుకుంటాను.

ఆఖరి కవరు 2018 జనవరిది. అంతకు ముందు నేను పంపిన కొత్త సంవత్సరం కార్డుకు జవాబు అది. తొందరలో, పాత అలవాటున, కార్డు మీద నేను ‘49150 పొంతిన్యే’ అని మాత్రమే రాసి పోస్టులో వేశాను. వేశాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. మదామ్ మొదటి వాక్యమే దాని గురించి రాశారు: ‘మోం పెతీ, నీ కార్డు మీద చిరునామా తప్పు. పోస్టమ్మాయి నవ్వుకుంటూ తెచ్చి ఇచ్చింది. దాన్ని మార్చుకోకు.’

కవరు వెనక్కి తిప్పి చూశాను. ఆవిడ కూడా ఈసారి ఒక్క వరసే రాశారు.